కొత్త పేరుకు పాత ర్యాంకు

వెబ్‌సైట్ పేరు మార్చాలని తీర్మానించే హక్కు ఎప్పుడూ ఆ పని చేయనక్కర్లేని వాళ్లకే ఉండాలి. చేసేవాళ్లను అడిగితే ప్రశ్నలు వేస్తారు, ప్రశ్నలు వేస్తే ఆలస్యమవుతుంది, ఆలస్యం ప్రగతికి శత్రువు. అందుకే మీటింగులో ముందు పేరు ఖాయం చేస్తారు. తర్వాత లోగోలో నీలం ముదురుగా ఉండాలా, లేతగా ఉండాలా అని పొద్దుగూకే దాకా చర్చిస్తారు. లేచి వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "అన్నట్టు, గూగుల్‌లో మన ర్యాంకులు మాత్రం పోకూడదు సుమా" అంటారు. దాంతో ఎస్‌ఈఓ (సెర్చ్ ఫలితాల్లో సైట్ పైన కనిపించేలా చేసే పని) ప్రణాళిక పూర్తయినట్టే.

"సార్, పాత పేజీలకు ఒక్కోదానికీ 301 పెట్టాలి" అని వెనక వరసలోంచి ఒక కుర్రాడు నసుగుతాడు. ఈ పేజీ శాశ్వతంగా ఫలానా చోటికి మారిందని సర్వర్ ఇచ్చే జవాబు 301. ప్రస్తుతానికి అక్కడికి వెళ్లింది, మళ్లీ వస్తుంది అనే జవాబు 302. పెద్దలు ఒక్క అంకె తేడాను పట్టించుకుంటే సంస్థలు నడవవు. పైగా బ్రౌజర్‌లో ఏది పెట్టినా తెరుచుకునేది కొత్త సైటే కదా, ఇక టెన్షన్ దేనికి? గూగుల్‌కే కాస్త చాదస్తం ఎక్కువ. 302 కనిపిస్తే, మళ్లీ వస్తారేమోనని పాత చిరునామానే ఫలితాల్లో చూపిస్తూ కూర్చోగలదు.

అసలు ప్రతిభ బయటపడేది ఎక్సెల్ షీట్‌లో. ఎడమ కాలమ్‌లో పాత చిరునామాలు, కుడివైపు దేనికి తగ్గ కొత్త పేజీ దానికి. మొదటి గడి శ్రద్ధగా నింపుతారు. రెండోదీ అంతే. మూడో దానికి ఆవలింత వస్తుంది. నాలుగో గడిలో హోమ్‌పేజీ చిరునామా కొట్టి, ఆ గడి మూలనుండే చిన్న చతురస్రాన్ని మౌస్‌తో పట్టుకుని కిందికి లాగుతారు. వేల పేజీలు ఒక్క లాగుడుతో హోమ్‌పేజీకి చేరుకుంటాయి. దీన్ని బద్ధకం అనడం అన్యాయం, ఇది సమానత్వం. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితం ఎలా తీయాలో వెతుక్కుంటూ వచ్చినవాడికి మన చైర్మన్ నవ్వుముఖం కనిపిస్తుంది. కాగితం రాకపోతే పోయె, పరిచయ భాగ్యం దక్కింది కదా! ఇలా సంబంధం లేని పేజీలన్నిటినీ హోమ్‌పేజీకి తోలితే, గూగుల్ వాటిని 'సాఫ్ట్ 404' కింద, అంటే అసలు లేని పేజీల కింద జమకడుతుంది. రీడైరెక్టుల వల్ల, అంటే ఇలా ఒక చిరునామా నుంచి ఇంకోదానికి పంపడం వల్ల, పేజ్‌ర్యాంక్ (లింకులను బట్టి గూగుల్ పేజీకిచ్చే విలువ) ఇక తగ్గదని గూగుల్ ఉద్యోగి గ్యారీ ఇల్లీస్ 2016లో చెప్పిన మాట మాత్రం మనవాళ్లకు కంఠతా వచ్చు. ఏ పేజీని ఏ పేజీకి పంపుతున్నామన్నది చిల్లర విషయం.

పేరు ఒక్కటే మారిస్తే ఏం గొప్ప? అదే రాత్రి డిజైన్ మారాలి, మెనూ మారాలి, సర్వర్ మారాలి, సగం వ్యాసాలు తీసేయాలి. ఇందులో గొప్ప పరిపాలనా సూక్ష్మం ఉంది. రేపు ట్రాఫిక్ పడిపోతే ఏ మార్పు వల్ల పడిందో ఎవరూ తేల్చలేరు. తేలని నేరానికి దోషి ఉండడు. ఒక్కో మార్పు విడివిడిగా చేయమనేవాళ్లకు ఆఫీసులో బతకడం తెలియదు.

ఇక ప్రారంభోత్సవం. పని జరుగుతున్నన్నాళ్లూ పరీక్షల సర్వర్‌లోకి సెర్చ్ ఇంజన్లు తొంగిచూడకుండా రోబోట్స్ ఫైల్‌లో 'డిస్‌ఎలౌ' అని రాసి, పక్కన ఒక స్లాష్ పెట్టి ఉంటారు. అర్ధరాత్రి అన్ని ఫైళ్లతో పాటు అదీ కొత్త డొమైన్‌కు, అంటే కొత్త పేరున్న సైట్‌కు, వచ్చేస్తుంది. ఆ ఒక్క గీతకు అర్థం, ఈ సైట్‌లో ఎక్కడా అడుగుపెట్టవద్దని. లోపల చప్పట్లు మోగుతుంటాయి, పేజీలు చదవడానికి గూగుల్ పంపే ప్రోగ్రామ్ గూగుల్‌బాట్ మర్యాదగా గుమ్మంలోంచే వెనుదిరుగుతుంది.

సైట్ యజమానుల కోసం గూగుల్ నడిపే సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మార్పు తెలియజేసే సాధనం ఒకటుంది. కాకపోతే పాత, కొత్త డొమైన్లు రెండూ మనవేనని రుజువు చూపాలి. పాతదాని లాగిన్ నిరుడు మానేసిన ఉద్యోగి దగ్గరుంది. అతను ఫోన్ ఎత్తడు, ఎత్తకపోవడానికి అతని కారణాలు అతనికుంటాయి.

ఓ మోస్తరు సైట్ మారడానికి కొన్ని వారాలు పడుతుందనీ, ఈలోగా ర్యాంకులు కాస్త ఊగడం మామూలేననీ గూగులే చెబుతోంది. అంత ఓపిక మూర్ఖులకే ఉంటుంది. మూడో రోజు గ్రాఫ్ చూసి అత్యవసర మీటింగ్ పెట్టారు. కొత్త పేరు అచ్చిరాలేదని ఏకగ్రీవంగా తేల్చి, ఇంకో పేరు పెట్టారు. ఇప్పుడు మొదటి పేరు రెండో పేరుకు, రెండోది మూడో పేరుకు దారి చూపిస్తాయి. ఇలాంటి గొలుసును తెంపి, మొదటిదాన్ని నేరుగా చివరిదానికి కలపమని కుర్రాడు మళ్లీ నసిగాడు. గూగుల్‌బాట్ పది గెంతుల దాకా ఓర్చుకుంటుందని ఎక్కడో చదివిన మేనేజర్ అతన్ని కూర్చోబెట్టాడు. రెండే అయ్యాయి, ఇంకా ఎనిమిది పేర్లకు చోటుంది.

రీడైరెక్టులు కనీసం ఏడాది ఉంచాలన్న సలహా అకౌంట్స్ విభాగం దాకా చేరలేదు. వాళ్ల మెయిల్ వచ్చింది: "ఆ మొదటి పేరు రెన్యువల్‌కు వచ్చింది. ఎవరూ వాడట్లేదు కదా, వదిలేస్తున్నాం." పేరు వదిలేశారు. దాన్ని ఎవరో కొనుక్కున్నారు. ఇన్నేళ్లుగా ఊరందరూ మనకిచ్చిన లింకులు ఇప్పుడు వాళ్ల గుమ్మానికే జనాన్ని చేరుస్తాయి. ఆ పేరు మీదున్న మన పాత మెయిల్ ఐడీలకు వచ్చే పాస్‌వర్డ్ రీసెట్ మెయిళ్లు వాళ్లకు అదనం.