సవరణ: తెల్లబట్ట మీద మొన్న నేను రాసింది తప్పు

దురద, తెల్లబట్ట ఉంటే అది ఫంగసే, మెడికల్ షాపులో క్లోట్రిమజోల్ తెచ్చి పెట్టుకుంటే చాలని మొన్న రాశాను. తప్పు. కావలిలో మా పిన్ని కూతురు అది చదివి రెండు వారాలు అదే వాడింది, తగ్గలేదు, చివరికి నెల్లూరులో లేడీ డాక్టరుకు చూపించుకుంటే బ్యాక్టీరియల్ వెజైనోసిస్ (యోనిలో ఉండే బ్యాక్టీరియా సమతూకం చెడటం) అని తేలింది (తనే రాయమంది). పెద్ద పరీక్షలేం కావు. స్రావాన్ని పీహెచ్ కాగితానికి (ఆమ్లత ఎంతో చూపేది) అద్దితే 4.5 దాటింది, ఫంగస్ ఒక్కటే అయితే మామూలుగా అంత ఉండదు. స్లైడు మీద చుక్కకు 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ కలపగానే గుప్పున చేపల కంపు, జువ్వలదిన్నె వైపు చేపల బుట్టల మధ్య పెరిగిన పిల్లకి ఆ వాసన వేరే చెప్పాలా! మైక్రోస్కోపులో చూస్తే అంచులనిండా బ్యాక్టీరియా అంటుకున్న యోని కణాలు, వాటినే క్లూ కణాలంటారు. దీనికి మెట్రోనిడజోల్ లాంటి బ్యాక్టీరియా మందు కావాలి, ఫంగస్ మందు పనిచేయదు.

ఇంకోటి, ట్రైకోమోనాస్ (కలయిక వల్ల అంటుకునే పరాన్నజీవి) సంగతి నేను అసలు రాయనేలేదు. అది స్లైడులో ఒక్కోసారి దొరకదు, నాట్ పరీక్షలో (క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) బాగా పట్టుబడుతుంది. అదని తేలితే సిగ్గుపడకుండా భర్తకూ మందు వేయించాలి, లేకపోతే మళ్లీ వస్తుంది. కడుపుతో ఉన్నవాళ్లు మాత్రం సొంత వైద్యం జోలికే పోవద్దు.