కొండంత వెండి పోయింది, లిథియమైనా దక్కుతుందా?

దక్షిణ అమెరికా దేశం బొలీవియాలోని పొటోసి నగరం సముద్రమట్టానికి 4,000 మీటర్ల పైన ఉంటుంది. ఊపిరి కూడా సరిగ్గా ఆడని అంత ఎత్తులో ఊరు వెలసిందంటే కారణం పక్కనే ఉన్న సెర్రో రికో కొండ. 1545లో అందులో వెండి బయటపడింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకే జనాభా లక్ష దాటింది. స్పెయిన్ రాజుల ఖజానా నిండింది. తవ్వింది మాత్రం అక్కడి ఆదివాసులు. 1570లలో వైస్రాయ్ ఫ్రాన్సిస్కో డి టొలెడో ‘మీటా’ పేరుతో వెట్టిని పకడ్బందీగా అమలు చేశాడు. నిర్ణయించిన ప్రాంతాల్లో ప్రతి ఏడుగురు మగవాళ్లలో ఒకరు ఏటా గనులకు కదలాల్సిందే. వాళ్లలో చాలామంది తిరిగి ఇల్లు చేరలేదు.

ఆ కొండను ఇప్పటికీ తవ్వుతూనే ఉన్నారు. ఆకలి, అలసట తెలియకుండా కార్మికులు కోకా ఆకులు బుగ్గన పెట్టుకుని లోపలికి దిగుతారు. సొరంగంలో ‘ఎల్ టియో’ అనే కొమ్ముల విగ్రహానికి సిగరెట్టు వెలిగించి పెట్టి, సారా పోస్తారు. బయట చర్చికి వెళ్లేది కూడా వీళ్లే. భూమిపైన దేవుడు, భూమి లోపల ఈయన! కొండ డొల్లబారి శిఖరం కుంగుతుండటంతో 2014లో యునెస్కో దీన్ని ప్రమాదంలో ఉన్న వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చింది.

విస్తీర్ణంలో బొలీవియా మన దేశంలో మూడో వంతు ఉంటుంది. జనం కోటీ పది లక్షల పైచిలుకే. పడమట ఆండీస్ పర్వతాలు, వాటి నడుమ ఎత్తైన పీఠభూమి, టిటికాకా సరస్సు. తూర్పున అమెజాన్ అడవులు, సోయా పండే శాంతాక్రూజ్ మైదానాలు. రాజ్యాంగం ప్రకారం రాజధాని సుక్రే అయినా ప్రభుత్వం నడిచేది లాపాజ్ నుంచి. 1825లో స్వాతంత్ర్యం వచ్చాక ఈ దేశం చిలీ, బ్రెజిల్, పరాగ్వేలకు వరసగా భూభాగాలు కోల్పోయింది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ 1879లో తగిలింది. తీరంలో నత్రజని లవణాలు తవ్వే కంపెనీపై క్వింటాలుకు 10 సెంట్ల పన్ను వేసినందుకు మొదలైన గొడవ చిలీతో యుద్ధానికి దారితీసి, చివరికి సముద్రతీరం మొత్తం పోయింది. నౌకాదళం మాత్రం ఇంకా ఉంది, సరస్సుల్లో, నదుల్లో తిరుగుతుంటుంది. సముద్రానికి దారి ఇవ్వడంపై చిలీ తమతో చర్చలు జరపాల్సిందేనని బొలీవియా అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళితే, అలాంటి బాధ్యతేమీ లేదని 2018లో తీర్పు వచ్చింది.

వెండి తర్వాత తగరం వంతు. 1952 విప్లవంలో పెద్ద గనులను జాతీయం చేశారు. 1985లో తగరం ధర కుప్పకూలింది. అప్పటికే ధరలు ఆకాశాన్నంటి, ద్రవ్యోల్బణం ఏడాదికి వేల శాతంలో ఉంది. గనుల్లో వేలమంది ఉద్యోగాలు పోయాయి. ఖనిజ సంపద ఉన్న దేశాలకు అదే శాపమని ఆర్థికవేత్తలు అంటుంటారు. నాకీ మాట నచ్చదు. శాపం అనేస్తే ఇక ఎవరినీ నిలదీయక్కర్లేదు.

గ్యాస్ సంగతే చూడండి. దేశ తొలి ఆదివాసీ అధ్యక్షుడు ఈవో మొరాలెస్ 2006 మే 1న గ్యాస్‌ను జాతీయం చేశారు. ఆ డబ్బులో కొంత వృద్ధుల పింఛన్లకు, బడిపిల్లల సాయానికి వెళ్లింది. పేదరికం బాగా తగ్గింది. అది చిన్న విషయం కాదు. కానీ దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోలేదు. కొత్త నిక్షేపాల అన్వేషణ వెనకబడింది, 2014 తర్వాత ఉత్పత్తి తగ్గుతూ వచ్చింది. అయినా పెట్రోలు, డీజిలు దిగుమతి చేసుకుని చౌకగా అమ్మడం ఆపలేదు. 2023కల్లా డాలర్లకు కటకట మొదలైంది, తర్వాత బంకుల ముందు లారీలు బారులు తీరాయి. 2025 అక్టోబరు అధ్యక్ష ఎన్నికలో రోడ్రిగో పాజ్ గెలుపుతో మొరాలెస్ స్థాపించిన పార్టీ సుదీర్ఘ ఆధిపత్యం ముగిసింది.

ఇప్పుడందరి కళ్లూ ఉయుని ఉప్పు ఎడారి మీదే. పది వేల చదరపు కిలోమీటర్ల తెల్లటి నేల, కింద బ్యాటరీల తయారీకి వాడే లిథియం కలిసిన ఉప్పునీరు. దేశం మొత్తమ్మీద 2 కోట్ల టన్నులకు పైగా లిథియం ఉందని అమెరికా భూగర్భ సర్వే అంచనా. అయినా చిలీ, అర్జెంటీనా ఎగుమతులతో సంపాదిస్తుంటే బొలీవియా నుంచి వస్తున్నది నామమాత్రమే. ఇక్కడి ఉప్పునీటిలో మెగ్నీషియం ఎక్కువ, దాన్నుంచి లిథియాన్ని వేరుచేయడం కష్టం. వానాకాలంలో పడే వానల వల్ల నీరు ఆవిరై లిథియం మిగలడమూ ఆలస్యమే. వీటికి రాజకీయం తోడైంది. తమకొచ్చే రాయల్టీ చాలదంటూ ఉయుని ఉన్న పొటోసి ప్రాంత జనం వీధుల్లోకి రావడంతో 2019లో జర్మన్ కంపెనీతో కలిసి తలపెట్టిన ప్రాజెక్టు రద్దయింది. ఆ తర్వాత రష్యా, చైనా కంపెనీలతో కుదిరిన ఒప్పందాలకూ పార్లమెంటులో చిక్కులే.

పొటోసి జనాన్ని అభివృద్ధి నిరోధకులనడం తేలికే. కానీ వాళ్లు తవ్వొద్దని అనడం లేదు. మా వాటా ఎంత, నీటి ఎద్దడి ఉన్న చోట లిథియం తీయడానికి అంత మంచినీరు ఎక్కణ్నుంచి తోడతారు, బ్యాటరీ ఫ్యాక్టరీ ఇక్కడ పెడతారా లేక ముడిసరుకు ఓడెక్కిస్తారా అని అడుగుతున్నారు. ఖజానా ఖాళీగా ఉన్న కొత్త ప్రభుత్వానికి తొందర ఎక్కువ. ఆ తొందరలో ఈ మూడు ప్రశ్నలనూ దాటేసి సంతకాలు పెడితే పొటోసి రోడ్లు మళ్లీ దిగ్బంధమవుతాయి.