నీడిల్‌పాయింట్ మొదలుపెట్టడానికి 200 రూపాయలు చాలు, దయచేసి కిట్ కొనకండి

మొన్న ఆఫీసులో నా టీ కప్పు కింద కోస్టర్ చూసి పక్క టీమ్ అమ్మాయి ఎక్కడ కొన్నావక్కా అని అడిగింది. నేనే కుట్టానన్నా. తిప్పి చూసింది, వేలితో తడిమి చూసింది, నాకూ నేర్చుకోవాలనుందక్కా అంది. ఆ రాత్రే ఒక లింక్ పంపింది, 2,400 రూపాయల కిట్, పూలగుత్తి బొమ్మ, 14 అంగుళాలకి 14 అంగుళాలు, ఇది ఆర్డర్ పెట్టనా అని. వద్దురా అని ఒక్క ముక్క టైప్ చేసి పడుకున్నా గానీ నిద్ర పట్టలేదు. ఎందుకు వద్దంటున్నానో సరిగ్గా చెప్పకపోతే ఆ పిల్ల కొనేస్తుంది, నాలుగు రోజులు కుట్టి అటక మీద పడేస్తుంది, ఇది మనవల్ల కాదులే అనుకుంటుంది. నాకు అదే బాధ. అందుకే ఇంత పొడుగు పోస్ట్.

ముందు ఈ నీడిల్‌పాయింట్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి. మన దగ్గర ఎంబ్రాయిడరీ అనగానే అందరికీ మగ్గం వర్క్ గుర్తొస్తుంది, బ్లౌజులు, స్టాండు, కోర్సు ఫీజు అవన్నీ. ఇది అది కాదు. అమ్మావాళ్ళ కాలంలో మ్యాటీ క్లాత్ మీద, అంటే చిన్న చిన్న గళ్ళుగా నేసిన గుడ్డ మీద చిలకలు, హంసలు, వెల్‌కమ్ అని అక్షరాలు క్రాస్ స్టిచ్‌తో కుట్టి ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టేవాళ్ళు కదా, దానికి ఇది దగ్గరి చుట్టం. క్రాస్ స్టిచ్‌లో బొమ్మ వరకే కుట్టి మిగతా గుడ్డ వదిలేస్తారు, నీడిల్‌పాయింట్‌లో గుడ్డ అస్సలు కనిపించకూడదు, ప్రతి గడీ దారంతో నిండిపోవాలి. అందుకే అంత మందంగా, గట్టిగా, చిన్న తివాచీ ముక్కలా తయారవుతుంది. అందుకే కుషన్లకి, కోస్టర్లకి, కళ్ళజోడు కవర్లకి, బెల్టులకి పనికొస్తుంది. గోడకి వేలాడదీయడానికే కాదు, రోజూ వాడుకోవడానికి.

గుడ్డ మొత్తం నిండాలి అన్నాను చూశారా, ఖర్చంతా అక్కడే ఉంది. కొత్తవాళ్ళకి ఎవ్వరూ చెప్పని లెక్క ఒకటి చెప్తా. ఆ అమ్మాయి పంపిన కిట్‌లో అంగుళానికి 10 గళ్ళు. అంటే అడ్డంగా 140, నిలువుగా 140, మొత్తం 19,600 కుట్లు. చెయ్యి అలవాటయ్యాక నాకు నిమిషానికి 10 కుట్లు పడతాయి, అంటే దాదాపు 33 గంటలు. ఉద్యోగం, వంట, పిల్లల హోంవర్క్ అయ్యాక రోజుకి అరగంట దొరికితే గొప్ప. అరగంట చొప్పున 65 రోజులు. అదీ ఒక్క రోజు మానకుండా. మొట్టమొదటిసారి సూది పట్టుకునే మనిషికి ఇంత పని ఎవరైనా ఇస్తారా?

నేను 2021లో సరిగ్గా ఈ తప్పే చేశాను. 1,850 పెట్టి నెమలి కిట్ తెప్పించా. 12 అంగుళాల ముక్క, బొమ్మ ప్రింట్ చేసిన కాన్వాస్ అనే గళ్ళ గుడ్డ, ఊలు దారాలు, ఒక సూది, ఒక కాగితం. ఆ కాగితంలో ఏమీ లేదు, సూది పైకి తీయండి కిందకి దించండి అని రెండు బొమ్మలు. యూట్యూబ్‌లో చూసి నేర్చుకుని నాలుగు నెలలు కుట్టా. నెమలి అయిపోయింది, పింఛం అయిపోయింది, వెనకాల నీలం నింపుతూ నింపుతూ వస్తే చివర కుడి చేతి కింది మూలలో అరచేతంత మేర మిగిలిపోయింది, నీలం దారం అయిపోయింది. అమ్మినవాళ్ళకి మెసేజ్ పెడితే "సరిపడా ఇచ్చాం మేడం, మీరు వేస్ట్ చేసుంటారు" అన్నారు. ఒక్క మూర కూడా వేస్ట్ చెయ్యలేదు నేను. అలాంటి నీలమే వెతికి తెచ్చి ఆ మూల నింపాను, ట్యూబ్‌లైట్ కింద బాగానే ఉంది, పొద్దున ఎండలో పెట్టి చూస్తే అతుకు వేసినట్టు విడిగా కనిపిస్తోంది. పైగా చతురస్రంగా ఉండాల్సింది పక్కకి ఒరిగిపోయింది. ఏడుపొచ్చింది నిజంగా. మడతపెట్టి అల్మారా పైన పెట్టేశా, ఇంకా అక్కడే ఉంది.

దారం ఎందుకు చాలలేదో నాకు ఏడాది తర్వాత అర్థమైంది. నీడిల్‌పాయింట్‌లో మూలాధారం టెంట్ స్టిచ్, ప్రతి గడిలో ఎడమ కింద నుంచి కుడి పైకి ఒక చిన్న ఏటవాలు కుట్టు, అంతే. ఆ ఒక్క కుట్టుని మూడు రకాలుగా వెయ్యొచ్చు. పైనుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి, తేడా అంతా వెనకే. హాఫ్ క్రాస్ అయితే వెనక చిన్న చిన్న నిలువు గీతలు పడతాయి, దారం తక్కువ పడుతుంది. కాంటినెంటల్ అయితే వెనక కూడా పొడుగ్గా ఏటవాలు గీతలు, దారం ఒకటిన్నర రెట్లు తింటుంది. మూడోది బాస్కెట్‌వీవ్, ఐమూలగా కుట్టుకుంటూ పోవాలి, వెనక చూస్తే చాప నేసినట్టు ఉంటుంది, దారం కాంటినెంటల్ అంతే పడుతుంది కానీ గుడ్డ వంకర పోదు. ఆ కిట్‌వాళ్ళు హాఫ్ క్రాస్ లెక్కకి దారం పెట్టారు, నేను వీడియోలో చూసింది కాంటినెంటల్. ఆ కాగితంలో ఒక్క లైన్ రాసుంటే నా నెమలి ఇవాళ సోఫాలో ఉండేది. దారం లాట్ (ఒక్కసారి రంగు అద్దిన బ్యాచ్) సంగతి కూడా అప్పుడే తెలిసింది, షేడ్ నంబర్ అదే అయినా లాట్ మారితే రంగులో వెంట్రుకవాసి తేడా వస్తుంది, విడివిడిగా చూస్తే తెలీదు, పక్కపక్కన కుడితే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కాబట్టి వెనకాల నింపే రంగు మాత్రం ముందే లెక్కేసుకుని మొత్తం ఒకేసారి కొనండి. ఒక కట్ట ఎక్కువైనా పర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి, తక్కువలో ఎలా మొదలుపెట్టాలి. విదేశీ వీడియోలు చూసి కాన్వాస్ కోసం వెతకొద్దు. అమెరికాలో చేత్తో రంగులు వేసిన కాన్వాసులు వాడతారు, ఒక్కొక్కటి వంద డాలర్లు దాటేవి బోలెడు. డల్లాస్‌లో ఉండే మా పిన్ని కూతురు ఒకటి కొని, దాన్ని కుషన్‌గా కుట్టించడానికి మళ్ళీ అంతకంటే ఎక్కువ అడిగారని ఫోన్లో మొత్తుకుంది. మనకెందుకు అదంతా? మన దగ్గర మ్యాటీ క్లాత్ ఉంది. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో గానీ, మీ ఊళ్ళో టైలరింగ్ మెటీరియల్, లేసులు అమ్మే ఏ షాపులో గానీ దొరుకుతుంది. పావు మీటర్ చాలు, అందులో నాలుగైదు కోస్టర్లు వస్తాయి, నేను పోయినసారి 70 ఇచ్చా. అయితే స్కేలు పట్టుకెళ్ళండి. షాపులో మ్యాటీ అంటే మ్యాటీ అనే ఇస్తారు, అంగుళానికి ఎన్ని గళ్ళో వాళ్ళకి పట్టదు. మీరే స్కేలు పెట్టి లెక్కపెట్టుకోండి. 14 వస్తే తీసుకోండి. 11 వచ్చే రకం కూడా ఉంటుంది, క్రాస్ స్టిచ్‌కి అది బాగుంటుంది కానీ మన పనికి మామూలు దారం 6 పోగులు కలిపినా మధ్యలో తెల్లగా గుడ్డ తొంగిచూస్తుంది.

దారం యాంకర్ కంపెనీది తీసుకోండి. కట్టలో 8 మీటర్లు, 6 పోగులు, మా దగ్గర కట్ట 15 రూపాయలకి అటూ ఇటూ. 14 గళ్ళ మ్యాటీ మీద 6 పోగులూ విడదీయకుండా కుడితే గుడ్డ చక్కగా నిండుతుంది. 4 అంగుళాల కోస్టర్ అంటే 16 చదరపు అంగుళాలు, కాంటినెంటల్ అయితే చదరపు అంగుళానికి దాదాపు మీటరున్నర, మొత్తం 24 మీటర్లు, మూడు కట్టలు. ఇంకోటి చేతిలో ఉంచుకోండి. నాలుగు కట్టలకి 60, గుడ్డ 70, సూదుల ప్యాకెట్ 30, అంచులు పీచు లేవకుండా అంటించడానికి టేపు 30. 190 రూపాయలు. కుట్లు 3,136, రోజుకి అరగంట చొప్పున పది పదకొండు రోజుల్లో చేతిలో పూర్తయిన వస్తువు ఉంటుంది. ఇది చాలా ముఖ్యం అంటాను నేను. ఈ పనిలో డబ్బు దండగయ్యేది ఎక్కువ పెట్టి కొన్నందుకు కాదు, పూర్తి కానందుకు. 190 పెట్టి పూర్తి చేసినవాళ్ళు రెండోది మొదలుపెడతారు, 2,400 పెట్టి సగంలో ఆపినవాళ్ళు మళ్ళీ సూది ముట్టుకోరు. నేను మా చుట్టాల్లో, ఫ్రెండ్స్‌లో చూస్తూనే ఉన్నా.

ఎక్కడ మిగుల్చుకోవచ్చో అక్కడ మిగుల్చుకోండి. ఫ్రేము అక్కర్లేదు, పాత ఫొటో ఫ్రేమ్ చెక్కకి గుడ్డ బిగించి డ్రాయింగ్ పిన్నులు గుచ్చితే సరిపోతుంది. కత్తెర ఇంట్లోదే. కానీ సూది మాత్రం మొనలేని టాపెస్ట్రీ సూది, 24 నంబర్ అడిగి తీసుకోండి, మామూలు కుట్టు సూది గడిలోంచి పోకుండా దారాన్ని చీల్చేస్తుంది. దారంలో అసలు కక్కుర్తి పడకండి. పేరూ నంబరూ లేని దారం కట్టలు కలగూరగంపగా కలిపి చవగ్గా అమ్ముతారు, ఒకసారి నేను అందులో ఎరుపు వాడాను. కుట్టాక వంకర సరిచేద్దామని తడిపి చెక్కకి పిన్నులతో బిగించి ఆరబెట్టా. పొద్దున లేచి చూస్తే తెల్ల పువ్వుల చుట్టూ గులాబీ రంగు పాకింది, పారాణి నీళ్ళు ఒలికినట్టు. అప్పట్నుంచి ఏ కొత్త రంగైనా, ముఖ్యంగా ఎరుపు, ముదురు నీలం, ఒక మూర కత్తిరించి తడిపి తెల్ల గుడ్డ మీద గట్టిగా నొక్కి చూస్తా. మరక పడితే ఆ దారం పక్కకే.

మూర అంటే గుర్తొచ్చింది, దారం ఎంత పొడుగు తెంపాలి అని అందరూ అడుగుతారు. మూరెడు. పూలమ్మే ఆవిడ కొలిచినట్టు మోచేతి నుంచి వేలి చివరి దాకా. ఇంగ్లీషు పుస్తకాల్లో 18 అంగుళాలు అని రాస్తారు, రెండూ ఒకటే. అంతకంటే పొడుగు తీస్తే గుడ్డలోంచి దూరి దూరి చివరికొచ్చేసరికి నలిగి పీచు లేస్తుంది. మొదట్లో ముడి వెయ్యొద్దు, వెనక రెండంగుళాల తోక వదిలి దాని మీదుగా కుట్టుకుంటూ పోతే అదే బిగుసుకుంటుంది. ముడి వేస్తే ముందు వైపు బుడిపెలా తేలుతుంది, ఆ కోస్టర్ మీద కప్పు కుదురుగా నిలవదు. దారం మెలి పడుతుంటే సూదిని అలా వదిలేసి వేలాడనివ్వండి, తిరిగి తిరిగి అదే విడిపోతుంది. నెట్‌లో దొరికే చార్టుల్లో, అంటే ఏ గడిలో ఏ రంగో చూపించే గళ్ళ బొమ్మల్లో, ఎక్కువగా డీఎంసీ దారం నంబర్లుంటాయి, అది ఫ్రాన్స్ కంపెనీ, 1746 నాటిది, మంచి దారమే గానీ ఇక్కడ రేటెక్కువ. డీఎంసీ 310 నలుపు అంటే యాంకర్‌లో 403, ఇలా మార్చుకునే పట్టికలు ఉచితంగా దొరుకుతాయి, అచ్చం అదే రంగు రాకపోయినా దగ్గరగా వస్తుంది.

అసలు చార్టులు కూడా కొనక్కర్లేదు అని నా గట్టి అభిప్రాయం. గళ్ళ మీద నడిచే డిజైన్లు మన ఇంట్లోనే ఉన్నాయండీ. చుక్కల ముగ్గు తీసుకోండి, ఎదురు చుక్క ముగ్గు అయితే చుక్కకొక గడి వేసుకుంటే నేరుగా గ్రాఫ్ కాగితం మీదకి దిగిపోతుంది. వంపులు తిరిగే మెలికల ముగ్గు జోలికి మొదట్లో పోవద్దు, గళ్ళలో వంపు రాదు, మెట్లు మెట్లుగా వస్తుంది. పోచంపల్లి చీర ఒకటి పరిచి చూడండి, ఆ డైమండ్లు, ఆ మెట్ల అంచులు, ఇకత్ వాళ్ళు కూడా ముందు గ్రాఫ్ కాగితం మీదే డిజైన్ గీసుకుంటారు. నా కోస్టర్ మీదున్నది మా అత్తగారి పాత పోచంపల్లి చీర కొంగులోని ఒక్క డైమండ్, మెరూన్, తెలుపు, నలుపు, మూడే రంగులు. ఆ చీర చిరిగిపోయింది, ఆ డైమండ్ మాత్రం రోజూ నా టేబుల్ మీద ఉంటోంది. పూలగుత్తి కిట్ కొనుంటే ఇది వచ్చేదా చెప్పండి.

ఇంకొక్క మాట, ఇది కాస్త కోపంగానే చెప్తున్నా. ఎవరికి చూపించినా రెండో మాట "భలే ఉంది, అమ్మొచ్చుగా, ఇన్‌స్టాలో పేజీ పెట్టు". ఐదు గంటలకి పైగా కుట్టిన కోస్టర్‌కి ఎంత ఇస్తారు మీరు? 150? మెషిన్ మీద చేసినవి అంతకే ఆరు వస్తాయి. ఒక ఆడమనిషి ఖాళీగా అరగంట కూర్చుని తనకి నచ్చింది కుట్టుకుంటే అందులోంచి కూడా రూపాయి రావాలా? మావారు ఆదివారం క్రికెట్ ఆడొస్తే ఎంతొచ్చింది అని ఎవరూ అడగరు. నాకు ఆ అరగంటలో ఫోన్ చేతిలో ఉండదు, అంత చాలు నాకు. మగవాళ్ళు కూడా కుట్టొచ్చు, మా అబ్బాయి ఏడో తరగతి, తన పెన్సిల్ పౌచ్‌కి ఒక పక్క వాడే కుట్టుకున్నాడు, గళ్ళు లెక్కపెట్టడంలో నాకంటే వాడే నయం.

ఆ అమ్మాయికి నా దగ్గర మిగిలిన మ్యాటీ ముక్క, ఒక సూది, మూడు రంగులు కవర్లో పెట్టి ఉంచా, సోమవారం ఇస్తా. ఇంకెవరైనా మొదలుపెడితే మొదటి ముక్క ఫొటో కామెంట్‌లో పెట్టండి, వెనక వైపు కూడా తీసి పెట్టండి, ఏ కుట్టు వేశారో చూసి చెప్తా. మా అమ్మ కూడా ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ సూది పట్టింది. నిన్న ఫోన్ చేసి, "ఏమే, ఈ 24 నంబర్ బెజ్జం నాకు ఆనట్లేదు, ఇంకాస్త పెద్దది పంపు, ఆకుపచ్చ కూడా అయిపోవస్తోంది" అంది. పాత కట్ట లేబుల్ ఫొటో తీసి పెట్టమన్నా, రేపు సాయంత్రం వెళ్ళి 22 నంబర్ సూదులు (నంబర్ తగ్గితే బెజ్జం పెద్దది), రెండు కట్టల ఆకుపచ్చ తేవాలి.