సోమశిల వంతెనకు గాలి లెక్క తేలాలి

సోమశిల తీగల వంతెన అనగానే అందరూ దాని అద్దాల నడకదారి గురించే మాట్లాడుతున్నారు. కొల్లాపూర్ దగ్గర కృష్ణ మీద సోమశిలను సిద్దేశ్వరంతో కలిపే ఈ వంతెనను కేంద్రం 2022 అక్టోబరులో రూ.1,082 కోట్లకు పైగా ఖర్చుతో మంజూరు చేసింది. 2007లో ఈ నీళ్లలోనే పడవ మునిగి 60 మంది దాకా చనిపోయారు. వంతెన ఎందుకు కావాలో ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. నా టెన్షన్ గాలి గురించే.

గాలి అంటే మనకు రేకులు లేపే ఈదురుగాలే గుర్తొస్తుంది. తీగల వంతెనకు మాత్రం ఓ మోస్తరు గాలి ఒకే తీరుగా వీచినా ప్రమాదమే. అమెరికాలో టకోమా నారోస్ వంతెనను 1940 జూలై 1న తెరిచారు. నవంబరు 7న గంటకు 64 కిలోమీటర్ల గాలికే కూలింది. 853 మీటర్ల పొడవున వేలాడే రోడ్డుకు వెడల్పు 12 మీటర్లే, పక్కలకు గాలి దూరని ఉక్కు పలకలు. ఉయ్యాలను లయ తప్పకుండా ఊపినట్టు గాలి ఊపిందని పాఠాల్లో చెబుతుంటారు. అది సరిపోదు. ఆ రోజు రోడ్డు మెలి తిరగసాగింది. మెలి తిరిగిన కొద్దీ గాలి తగిలే కోణం మారింది, మారిన కోణం రోడ్డును మరింత మెలిపెట్టింది. ఊగే వంతెనే గాలి నుంచి బలం లాక్కుందన్నమాట. దీన్నే ఇంజినీర్లు ఫ్లట్టర్ అంటారు.

చైనాలోని హ్యూమెన్ వంతెన 1997 నుంచి బాగానే నిలబడింది. 2020 మే 5న మాత్రం రోడ్డు అలలా ఊగి ట్రాఫిక్ ఆపాల్సి వచ్చింది. మరమ్మతుల కోసం రెయిలింగ్ వెంట నీళ్లు నింపిన ప్లాస్టిక్ అడ్డుగోడలు పెట్టారు. వాటివల్ల రోడ్డు ఆకారం మారి, దాన్ని దాటిన గాలి సుడులు తిరిగింది. వంతెన కూలలేదు. కానీ చిన్న అడ్డు ఎంత పని చేస్తుందో తెలిసింది.

మన అద్దాల దారి, దాని రెయిలింగ్ కూడా గాలికి అడ్డే. వంతెన చిన్న నమూనా మీద గాలి వదిలి పరీక్షించే గది విండ్ టన్నెల్. అందులో పెట్టే నమూనాకు అవన్నీ ఉండాలి. నల్లమల కొండల మధ్య నది మీద వీచే గాలి ఊళ్లో కొలిచే గాలి కాదు. వంతెన కట్టే చోటే ఏడాది పొడవునా కొలవాలి. ఆ ఫలితాలు జనం ముందు పెట్టాలి.

ఇంకొకటి. పండగొచ్చినా, నాయకుడొచ్చినా రెయిలింగ్ నిండా ఫ్లెక్సీలు కట్టే అలవాటు మనది. ఇక్కడ అది కుదరదని నిర్వహణ ఒప్పందంలోనే రాయాలి. ఏ పార్టీవాళ్లు కట్టినా ఆ పూటే విప్పించే అధికారం వంతెన ఇంజినీరుకు ఇవ్వాలి.