పడుకున్నవాడికి శాలువా

తప్పంతా చికాగోది. 1905లో పాల్ హారిస్ అనే లాయరు ఆ ఊళ్ళో రోటరీ క్లబ్బు పెట్టాడు. 1917లో అదే ఊళ్ళో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్స్ ఆయన లయన్స్‌కి పునాది వేశాడు. ఆ విత్తనం మహిమో ఏమో, ఖండాలు దాటి గోదావరి ఒడ్డున ఉన్న మా చిన్న ఊరికి వచ్చినా, ఏ క్లబ్బు తీసుకున్నా అందులో ఒక లాయరూ ఇద్దరు ఎల్ఐసీ ఏజెంట్లూ ఉండి తీరతారు.

మాది లయన్స్ కాదు, రోటరీ కాదు. జేసీస్, వాసవీ, వాకర్స్ కూడా కాదు. వాటిలో ప్రెసిడెంటు పదవి దక్కనివాళ్ళంతా అలిగి బయటికొచ్చి పెట్టుకున్న స్వతంత్ర క్లబ్బు. పేరు చెప్పను, చెబితే మళ్ళీ సన్మానం చేస్తారు. ఎవరితోనూ అనుబంధం లేకపోయినా అందరి దగ్గర్నుంచీ తలా ఒకటి తెచ్చుకున్నాం. జులై ఒకటిన కొత్త కార్యవర్గం రావడం ఆ పెద్ద క్లబ్బుల లెక్కే. మీటింగు మొదట్లో కొట్టే గంట రోటరీని చూసి కొన్నది. ఆలస్యంగా వచ్చినవాళ్ళకీ, మొహం గంటు పెట్టుకుని కూర్చున్నవాళ్ళకీ సరదాగా జరిమానా వేసే టెయిల్ ట్విస్టర్ లయన్స్ నుంచి వచ్చాడు. నిజంగానే అలాంటి పదవి ఉంది, నేను కల్పించలేదు. మా టెయిల్ ట్విస్టర్‌ది ఎరువుల కొట్టు. బాకీల వసూళ్ళలో ఆయన అనుభవం చూసి ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. ఎన్నికల మీటింగుకి రానివాణ్ణి సెక్రటరీని చేయడం ఇక్కడి ఆనవాయితీ. అలా నేను సెక్రటరీనయ్యాను.

జూన్ వచ్చేసరికి ప్రతి క్లబ్బు ప్రెసిడెంటుకీ ఒకటే టెన్షన్. ముప్పయ్యో తేదీకి కుర్చీ దిగాలి. ఏడాది పొడవునా చేసిన సేవ ఏమిటని లెక్క చూసుకుంటే ఒక చలివేంద్రం, రెండు మొక్కలు తేలాయి. మొక్కల్లో ఒకదాన్ని మేక తినేసింది. ఆ కంగారులో ఆయనకి కేలెండర్లో కనపడింది జూన్ 14, ప్రపంచ రక్తదాతల దినోత్సవం. మనుషుల రక్తంలో గ్రూపులున్నాయని కనిపెట్టిన కార్ల్ లాండ్‌స్టీనర్ పుట్టినరోజు అది. ఆయనకి 1930లో నోబెల్ బహుమతి ఇచ్చారు. మేం ఆయన ఫొటోకి దండ వేయిద్దామనుకున్నాం. ఫొటో ప్రింటు తీయించే పని జాయింట్ సెక్రటరీది, దండ పని నాది. దండ వచ్చింది, ఫొటో రాలేదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

శిబిరం కల్యాణ మండపంలో. జిల్లా కేంద్రం నుంచి బ్లడ్ బ్యాంకు వాళ్ళు పొద్దున్నే వచ్చి మంచాలు వేసుకున్నారు. మా సభ్యులు ముప్పై మంది దాకా ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాలతో దిగారు. తీరా చెయ్యి చాపమనేసరికి ఒకరికి షుగరు, ఒకరికి బీపీ, ఇంకొకరికి నిన్ననే పన్ను పీకించారు. ఒకాయన "మా ఆవిడ ఊళ్ళో లేదండీ" అన్నాడు. దానికీ దీనికీ సంబంధం ఏమిటని ఎవరూ అడగలేదు. చివరికి రక్తమిచ్చేవాళ్ళుగా తేలింది కాలేజీ ఎన్ఎస్ఎస్ పిల్లలూ, నేనూ. ఎన్ఎస్ఎస్ పిల్లలు లేకపోతే మన ఊళ్ళల్లో సగం క్లబ్బుల సేవా నివేదికలు తెల్లకాగితాలే. అయినా ఫ్లెక్సీలో వాళ్ళ ఫొటో ఉండదు.

వేలు గుచ్చి, రక్తపు చుక్కని నీలం రంగు ద్రావణంలో వేశారు. చుక్క మునిగితే హిమోగ్లోబిన్ పన్నెండున్నర పైన ఉన్నట్టు, తేలితే ఇంటికెళ్ళిపోవచ్చు. నాది గుండ్రంగా, బుద్ధిగా మునిగింది. అది తేలి ఉంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు.

అసలు గొడవ టిఫిన్ దగ్గర మొదలైంది. మండపం వెనక ఉప్మా పెసరట్లు వేస్తున్నారు. వాసన వస్తోంది, ప్లేటు మాత్రం రాదు. ముఖ్య అతిథిగారు వచ్చి ప్రారంభించే దాకా ఎవరూ తినకూడదని ప్రెసిడెంటుగారి ఆర్డరు. అతిథిగారు ఎనిమిదికి రావాలి. పదింటికి "బయల్దేరారట" అన్నారు. రాజకీయాల్లో బయల్దేరడమంటే స్నానానికి వెళ్ళారని. బ్లడ్ బ్యాంకు డాక్టరమ్మ విసిగిపోయి, "రక్తానికి ముహూర్తం ఉండదండీ, మధ్యాహ్నం మేం ఇంకో ఊరెళ్ళాలి" అంది. పొద్దుట ఆరింటికి ఇంట్లో తిన్న రెండిడ్లీల బలంతో నేను మంచమెక్కాను. సంచిలోకి 350 మిల్లీలీటర్లు వెళ్ళడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. సూది తీసి, మోచేతి మడతలో దూది పెట్టారు. లేవబోతే మండపం గిర్రున తిరిగింది. నర్సమ్మ నన్ను మళ్ళీ పడుకోబెట్టి, కాళ్ళ కింద దిండు పెట్టి, "పది నిమిషాలు కళ్ళు మూసుకోండి, కదలకండి" అంది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర హారన్ మోగింది.

ప్రెసిడెంటుగారు నన్ను చూసి నెత్తి కొట్టుకున్నారు. నేను పడిపోయానన్న బాధ కాదు. ప్రారంభం కాకుండానే ఒక దానం పూర్తయిపోయిందని. వెంటనే తేరుకుని, "ఫర్వాలేదు, సెక్రటరీగారు అలాగే పడుకుంటారు. మొదటి దాతగా అతిథిగారి చేత సన్మానం చేయిద్దాం" అన్నారు.

పడుకున్నవాడికి శాలువా ఎలా కప్పాలన్నది మా బైలాస్‌లో లేదు. మంచం చుట్టూ చిన్నపాటి కార్యవర్గ సమావేశం జరిగింది. లేపి కూర్చోబెడదామన్నారు ఒకరు. "లేపితే పడతారు" అంది నర్సమ్మ. మడతపెట్టి గుండెల మీద పెడదామన్నారు ఇంకొకరు. అలాగైతే ఫొటోలో జరీ కనపడదని కోశాధికారి అభ్యంతరం. అప్పుడు మా లాయరుగారు గొంతు సవరించుకుని, సన్మానం అన్నాక కప్పి తీరాలని, ఎక్కడిదాకా కప్పాలన్న పరిమితి ఏ చట్టంలోనూ లేదని తేల్చేశారు. దాంతో పాదాల నుంచి గడ్డం దాకా కప్పేద్దామని తీర్మానమైంది. ఇన్నేళ్ళూ భుజాల మీద మడతలు చూడటమే గానీ, శాలువా ఇంత పొడుగుంటుందని నాకూ తెలీదు. కప్పాక గడ్డం కింద ఏదో గుచ్చుకుంది. ఓరకంట చూస్తే కొట్టువాడి స్టిక్కరు, 180 రూపాయలు. సన్మానం నాకు, రేటూ నాకే. గీక్కుందామంటే ఒక చెయ్యి దూదితో మడిచి ఉంది, రెండోది శాలువా లోపల ఉంది.

ఇక దీపం. ఫ్యాను గాలికి కుందెలో వత్తులు నిలవడం లేదు. ఫ్యాను ఆపితే అతిథిగారికి చెమట. రోహిణి కార్తె పోయి మృగశిర వచ్చిందని ఎండకి ఎవరూ చెప్పినట్టు లేదు. గాలి తగలని మూల కోసం మండపమంతా వెతికితే ఒకే ఒక్కటి దొరికింది, నా తల వెనక గోడవార. కుందె అక్కడికి చేరింది. దాని పక్కన అగరొత్తులు ఎవరు గుచ్చారో ఇప్పటికీ తెలీదు.

ఒక్కసారి మీరే ఊహించుకోండి. నిటారుగా పడుకున్న మనిషి, గడ్డం దాకా శాలువా, మూసిన కళ్ళు, తల దగ్గర దీపం, అగరొత్తుల పొగ, రెండు పక్కలా తెల్ల చొక్కాల్లో పెద్దమనుషులు. ముక్కులో దూది ఒక్కటే తక్కువ, అది చేతి మీద ఉంది.

అతిథిగారు లోపలికొచ్చారు. ఆయన ఆలస్యానికి కారణం పక్కూళ్ళో పరామర్శ. ఇక్కణ్ణుంచి వెళ్ళాల్సింది ఇంకో పరామర్శకి. పాపం ఆయన్ని అనడానికి లేదు. పదవిలో ఉన్న మనిషికి కత్తెర ఇస్తే రిబ్బను కత్తిరిస్తాడు, అగ్గిపుల్ల ఇస్తే దీపం వెలిగిస్తాడు. ఇది ఎందుకు, ఇది ఎవరికి అని ఆరా తీస్తూ కూర్చుంటే రోజుకి ఎన్ని ఊళ్ళు తిరగ్గలడు? ఫ్లెక్సీ చూస్తే తెలిసేది గానీ, అది ఆయన వీపు వైపుంది. ముందుగా ఆయన అగ్గిపుల్ల అందుకుని నా తల దగ్గర దీపం వెలిగించారు. తర్వాత జాయింట్ సెక్రటరీ, ఫొటో లేక చేతిలో మిగిలిపోయిన లాండ్‌స్టీనర్‌గారి బంతిపూల దండని, ఎక్కడ దించుకోవాలో తెలీక, ఆయన చేతిలో పెట్టాడు.

ఆయన ఆ దండని నా గుండెల మీద పరిచారు. రెండడుగులు వెనక్కి వేసి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని తల వంచారు.

పెద్దాయన దండం పెడితే పక్కవాళ్ళు ఊరుకుంటారా? ముప్పై మందీ చేతులు జోడించారు. అదే సమయంలో వేదిక మీద మా రిటైర్డ్ హెడ్మాస్టరుగారు మైకు రెండుసార్లు తట్టి, "ఒక్క నిమిషం..." అన్నారు. ఆయన చెప్పబోయింది టిఫిన్ గురించి. మైకు అక్కడితో చచ్చిపోయింది. మండపమంతా ఒక్క నిమిషం మౌనం పాటించింది.

కళ్ళు తెరుద్దామా అనుకున్నాను. తెరిస్తే ఎదురుగా ఉన్న పెద్దాయన దడుచుకుంటాడేమో, ఆయనకి స్టెంట్ వేశారని ఎక్కడో విన్నాను. బిగపట్టుకుని పడుకున్నాను. అప్పుడు వినపడ్డాయి ఈ మాటలు.

"కుటుంబసభ్యులెవరూ రాలేదా?" అతిథిగారు లోగొంతుకతో అడిగారు.

"వాళ్ళు భయపడతారండీ. ఈయనొక్కడే ధైర్యం చేశాడు," అన్నారు ప్రెసిడెంటుగారు, దానం సంగతి అనుకుని.

"వయసెంత ఉంటుంది?"

"నలభై ఏడండీ."

"అయ్యో. చిన్నవయసే."

"అవునండీ, అరవై ఐదు దాకా టైముంది. ఈయనే తొందరపడ్డాడు."

"హఠాత్తుగానా?"

"లేదండీ, నెల్నుంచీ అనుకుంటున్నదే."

అతిథిగారు దీర్ఘంగా నిట్టూర్చారు. చెమటలు తుడుచుకుంటున్న జాయింట్ సెక్రటరీ భుజం తట్టి, "ధైర్యంగా ఉండాలి" అన్నారు. పెసరట్టు తెస్తామంటే చెయ్యి అడ్డం పెట్టి, "ఇక్కడ తినకూడదు" అన్నారు. అది వినయమనుకుని అందరూ మురిసిపోయారు. బయట కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని, వెళ్ళొస్తానని కూడా అనకుండా కారెక్కారు. ఆ ఒక్కమాట అనకపోవడంతో మా లాయరుగారికి మాత్రం ఏదో అనుమానం వచ్చిందట. ఫీజు లేని కేసు కాబట్టి బయటపెట్టలేదు.

నేను పెసరట్టు తిన్నానా, ఇంటికెలా చేరానా అన్నవి వదిలేద్దాం. ఈలోపు ప్రెసిడెంటుగారు ఫొటో ఊరి వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టేశారు. కింద నా పేరు, "మా క్లబ్ సెక్రటరీ. వీరి సేవలు మరువలేనివి." అంతే. రక్తం అన్న మాట లేదు, శిబిరం అన్న మాట లేదు. ఎందుకండీ అంటే, మిగతాది రెండో మెసేజ్‌లో పెడదామనుకునేలోపు చార్జింగ్ అయిపోయిందట. మొదట ఎవరో రెండు దండాలు పెట్టారు. రెండో ఆయన "ఓం శాంతి" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ ఫొటో చూడలేదు, పై మెసేజ్ చూసి కింద అదే పెట్టుకుంటూ పోయారు. నాతో పదేళ్ళుగా మాటల్లేని పక్కింటాయన "సౌమ్యుడు, మితభాషి" అని రాశాడు.

మా బావమరిది రాజమండ్రి నుంచి ఏడుస్తూ ఫోన్ చేస్తే, మా ఆవిడ "ఏమోరా, పెరుగు ప్యాకెట్లు తెమ్మంటే పొద్దుట్నుంచీ ఫోనెత్తట్లేదు, ఇందుకేనా" అందట. వాడు చెబుతుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. సాయంత్రం మా క్లబ్బు ఎల్ఐసీ ఏజెంటుగారు, పొద్దుట నా మంచం పక్కనే నిలబడ్డ మనిషి, మా ఆవిడకి ఫోన్ చేసి బాండు ఎక్కడుందో ఒకసారి చూసుకోమన్నాడు. ఆయన ఉన్నారు కదండీ అంటే, "ఉన్నారమ్మా, సందర్భం వచ్చింది కాబట్టి గుర్తుచేస్తున్నా" అన్నాడట.

ఫొటో తీసేయమని ప్రెసిడెంటుగారిని అడిగాను. "అతిథిగారు అందులో చాలా బాగా పడ్డారండీ" అన్నారు. పైగా మన క్లబ్బు పోస్టుకి ఇంత స్పందన ఎప్పుడూ రాలేదట, ఈ ఒక్క ఫొటోతో వార్షిక నివేదిక నిండిపోతుందట. పోనీ నేను బతికే ఉన్నానని క్లబ్బు తరఫున రెండు ముక్కలు పెట్టండి అన్నాను. అలా ప్రెసిడెంటు ఒక్కడే ప్రకటనలు ఇవ్వడానికి వీల్లేదని, దానికి జనరల్ బాడీ తీర్మానం ఉండాలని లాయరుగారి సలహా. తీర్మానానికి కోరం కావాలి. కోరం కోసం సభ్యులకి ఫోన్లు చేయాల్సింది సెక్రటరీ. మొహం గంటు పెట్టుకున్నానని టెయిల్ ట్విస్టర్ వంద రూపాయలు జరిమానా కూడా రాశాడు, అది వేరే.

నిన్నటి నుంచి ఫోన్లు చేస్తున్నాను. సగం మంది నా నంబరు చూసి ఎత్తడం లేదు. ఎత్తిన ఒక్కాయన నా గొంతు విని, "బాబూ, నాన్నగారి కార్యక్రమం ఎప్పుడు పెట్టుకున్నారు?" అని అడిగాడు.