పులికాట్ ఇసుక ఎవరు తీయాలి?

తడ దగ్గర పులికాట్ సరస్సులో మా మావయ్య పడవ మోకాటి లోతు నీళ్లలో బురదకు అంటుకుపోయింది. దిగి, నడుము వంచి తోసుకుంటూ ఒడ్డుకొచ్చాడు. వలలో గుప్పెడు రొయ్యలు. సరస్సు సముద్రాన్ని కలిసే ముఖద్వారాల్లో ఇసుక మేట తీస్తే కదా సముద్రం నీళ్లు, చేపలు లోపలికొచ్చేది!

చేపల వేట మత్స్యశాఖ చూడాలి, పక్షుల అభయారణ్యం అటవీశాఖ చూడాలి. తీరంలో ఏం చేయాలన్నా కేంద్రం 2019లో ఇచ్చిన సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలి) నోటిఫికేషన్ ఉంది. సరస్సులో కొంత తమిళనాడుది. సముద్రంలో 12 నాటికల్ మైళ్లు దాటితే చేపల వేట మళ్లీ కేంద్రం చేతిలోనే. ఇన్ని శాఖలున్నా అర్జీ తీసుకెళ్తే ఎక్కడైనా ఒకటే మాట, ‘మా పరిధి కాదు’.

2022లో జిల్లా మారింది, తిరుపతి అయింది. మావయ్య అర్జీ మాత్రం మూడు ముద్రలతో గూట్లోనే ఉంది. పొద్దున మళ్లీ పడవ తోయడానికి వెళ్లాడు.