ప్రజాభిప్రాయం గారికి, ఓపీ కౌంటర్ నుంచి

మహారాజశ్రీ ప్రజాభిప్రాయం గారి సముఖానికి,
కేరాఫ్ టీ బంకు, పెద్దాసుపత్రి గేటు ఎదురుగా, దర్గామిట్ట, నెల్లూరు.

అయ్యా,

ఉభయకుశలోపరి. పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని "వైద్యమంతా గవర్నమెంటే చూడాల, ఎవురి దగ్గరా పైసా తీసుకోకూడదు" అని తమరు సెలవిస్తుంటే, లోపల చీటీలు రాసేవాళ్ళం, మందులిచ్చేవాళ్ళం, రక్తం తీసేవాళ్ళం అందరం తలలూపుతూనే ఉన్నాం. ఆ మాట మీద మాకు పేచీ లేదు. డబ్బు కట్టలేడన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని దేశంలో వైద్యం ఎలా ఉండాలో చెప్పడానికి వేసిన భోర్ కమిటీ 1946లోనే రాసిపెట్టింది.

మా అనుమానమల్లా ఒకటే. టీ అయ్యాక తమరు ఎటు పోతారు? ఆటో ఎక్కి, ప్రైవేటు ఆసుపత్రులుండే పొగతోటకు. జబ్బు కాస్త పెద్దదైతే రైలెక్కి మద్రాసుకు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో ఆసుపత్రుల్లో చేరినవాళ్ళలో, కాన్పులు పక్కనపెడితే, 42 శాతం మంది ప్రభుత్వాసుపత్రికి పోతే 55 శాతం మంది ప్రైవేటుకు పోయారు. మాట మా గేటు దగ్గర, ఒళ్ళు పొగతోటలో! తమరికీ కారణాలున్నాయి, కాదనం. మధ్యాహ్నం దాటితే పరీక్షల గదికి తాళం, బాత్‌రూముకు గడియ లేదు. కానీ ఇన్నేళ్ళ తమరి ఉపన్యాసాల్లో ఆ గడియ ఊసు ఒక్కసారి కూడా రాలేదే!

తమరికి ప్రాణం ఉచిత వైద్యం కార్డు మీద. 2007లో అది రాజీవ్ ఆరోగ్యశ్రీగా పుట్టింది. తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. పేరు మారినప్పుడల్లా బంకు దగ్గర తమరు రెండు వర్గాలుగా చీలిపోయారు. చికిత్స ఖర్చు పరిమితి 2 లక్షలతో మొదలై 5 లక్షలైంది, 25 లక్షలైంది. 25 అనగానే ఈల వేశారు. హెర్నియా గానీ, విరిగిన కాలికి రాడ్డు గానీ, గుండెకు స్టెంటు గానీ 25 లక్షల ఛాయలకు కూడా పోవని తమరికెవరూ చెప్పలేదు కాబోలు.

లోపల జరిగేది వినండి. ఆసుపత్రిలో ఈ కార్డు పనులు చూసే ఆరోగ్యమిత్ర డెస్కులో ఆధార్, రేషన్ కార్డు చూపించాలి. జబ్బు జాబితాలో ఉంటే డాక్టరు పరీక్షలు రాస్తాడు. ఆ రిపోర్టులు, ఫిల్ములు ఆన్‌లైన్లో పథకం నడిపే ట్రస్టుకు పోతాయి. అక్కడి డాక్టర్లు చూసి అప్రూవల్ ఇస్తే ఆపరేషన్. డిశ్చార్జి అయ్యాక ఆసుపత్రి క్లెయిమ్ పెట్టుకుంటుంది. బండి ఆగేది ఈ ఆఖరి మెట్టు దగ్గరే. బకాయిలు పేరుకుంటే పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తామని నోటీసులిస్తాయి, ఆపేసిన సందర్భాలూ ఉన్నాయి. నోటీసు కంటే ముందే కౌంటర్లో ఒక మెత్తని గొంతు వినిపిస్తుంది: "కార్డు మీదైతే బెడ్లు లేవమ్మా, వచ్చే వారం చూద్దాం. డబ్బు కడితే ఇప్పుడే." పరిమితి ఎంత పెంచారని అడిగే తమరు, ఒక్కో చికిత్సకు ఆసుపత్రికి కట్టే ప్యాకేజీ రేటు ఎంత, అది ఆసుపత్రికి ఎన్ని రోజుల్లో చేరుతోంది అని ఏనాడైనా అడిగారా?

పైగా కార్డు ముఖ్యంగా ఆసుపత్రి మంచమెక్కినవాళ్ళకు. సంసారం జేబుకు నెలనెలా చిల్లు పెట్టేది షుగర్ బిళ్ళలు, బీపీ బిళ్ళలు, జ్వరం వస్తే రక్తపరీక్షలు. 25 లక్షల కార్డు జేబులో పెట్టుకుని షాపులో షుగర్ బిళ్ళ మెట్‌ఫార్మిన్ 500 అట్ట డబ్బిచ్చి కొనుక్కోవడమంటే పట్టుచీర కట్టుకుని కయ్యలో నాటెయ్యడమే. ఆ బిళ్ళల్ని ఊరికే ఇచ్చేది పీహెచ్‌సీలో, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఫార్మసిస్టు. ఇండెంటు ఆలస్యమై స్టాకు అడుగంటితే 30 రోజులకు ఇవ్వాల్సినవి 10 రోజులకే చేతిలో పెడతాడు. తమరు తిట్టేదీ ఆయన్నే.

ఇక కుక్కకాటు. "సూది మందు పెట్టుకుని కూడా వెయ్యకుండా కూర్చోబెట్టారు, లంచం కోసమే" అని తమరు బంకు దగ్గర తీర్పిచ్చేశారు. మందును చర్మంలోకి వేసే పద్ధతిలో మనిషికి రెండు చోట్ల, చోటుకు 0.1 మిల్లీలీటరు. అంటే 1 మిల్లీలీటరు సీసా నలుగురైదుగురికి వస్తుంది. మూత తీశాక చల్లగా ఉంచినా 6 నుంచి 8 గంటల్లోపు వాడెయ్యాలి, మిగిలింది పారెయ్యాలి. అందుకే సిస్టరమ్మ ఇంకో ఇద్దరు ముగ్గురు వస్తారేమోనని గుమ్మం వైపు చూస్తుంటుంది. నిజానికి ఒక్కరే వచ్చినా సీసా తెరవాల్సిందే. స్టాకు లెక్క చెప్పాల్సి వస్తుందన్న భయంతో "రేపు రా" అన్నారంటే అది తప్పే, అక్కడ తమరు తిట్టండి. కానీ తమరి వంతు కూడా చూద్దాం. కరిచిన వెంటనే సబ్బుతో, పారే నీళ్ళ కింద పావుగంట కడగాల్సిన పుండు మీద కారం అద్దుకుని వస్తారు. మొదటి రోజు (దాన్ని సున్నాగా లెక్కపెట్టాలి), 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు వేయించుకోవాల్సిన సూదుల్ని "కుక్క బానే ఉందబ్బా" అంటూ రెండోదానితో ముగిస్తారు. చర్మం తెగి రక్తం వస్తే సూదితోపాటు, అప్పటికప్పుడు విషాన్ని అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్ కూడా పుండులోకి ఎక్కించాలి. అది ఉందా అని అడిగినవాళ్ళు మాకు తగల్లేదు. ఈ మందులుండే ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలబడాలి. కరెంటు పోయిన రాత్రి అది ఎన్ని డిగ్రీలకు పోయిందో చార్టులో ఉంటుంది. మీ ఊరి పీహెచ్‌సీలో ఆ చార్టు చూపించమని అడగండి, మీ ఊరి ప్రభుత్వ వైద్యం బాగోగులన్నీ అందులోనే తెలుస్తాయి.

పాముకాటు దగ్గర తమరి కోపం ఇంకా గొప్పది. "రక్తం తీసి 20 నిమిషాలు ఊరికే చూస్తా కూర్చున్నారు!" ఊరికే కాదు సామీ. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలుంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే రక్తపింజర లాంటి పాము విషం ఒంట్లో పనిచేస్తున్నట్టు. అప్పుడు విరుగుడు మామూలుగా 10 సీసాలతో మొదలు. ప్లాస్టిక్ గొట్టంలో పోసినా, సబ్బుపొడితో కడిగిన గొట్టం వాడినా ఫలితం తప్పుతుంది. నాగుపాము, కట్లపాము అయితే రక్తం మామూలుగానే గడ్డకట్టొచ్చు, కనురెప్పలు వాలుతున్నాయా, మాట ముద్దగా వస్తోందా అని చూడాలి. ఇంత పని పీహెచ్‌సీలోనే జరగాలి. జరక్కపోతే ఉదయగిరి నుంచి నెల్లూరు దాకా 108లో రావడమే, ఆ దారి పొడవునా విషం ఆగదు కదా. తమరు మాత్రం ముందు మంత్రగాడి దగ్గర గంట కూర్చుని, మా 20 నిమిషాలకు గడియారం పెడతారు.

విదేశాల సంగతీ తమరు బాగా ఎత్తుతారు. అమెరికా అల్లుడు ఆసుపత్రి బిల్లు చెబితే "అమ్మో" అంటారు. లండన్ కూతురు మోకాలి ఆపరేషనుకు వెయిటింగ్ చెబితే "అదేం వైద్యమబ్బా" అని నవ్వుతారు. లండన్ వైద్యం 1948 జులై 5 నుంచి పన్నుల మీద నడుస్తోంది. అక్కడ అత్యవసరం కాని జబ్బుకు ముందు దగ్గర్లో పేరు రాయించుకున్న జీపీ, అంటే మామూలు జబ్బులు చూసే డాక్టరు, దగ్గరికే పోవాలి, పెద్ద డాక్టరు దగ్గరికి పంపాలో వద్దో ఆయనే తేలుస్తాడు. అక్కణ్ణుంచి 18 వారాల్లో చికిత్స మొదలుపెట్టాలన్నది లక్ష్యం, ఇప్పుడు అదీ చాలామందికి అందడం లేదు. ఇక్కడ 30 వేల జనాభాకు ఒక పీహెచ్‌సీ లెక్క. దాన్ని దాటుకుని తమరు తలనొప్పికి న్యూరోసర్జన్ దగ్గరికి, గ్యాసుకు కార్డియాలజిస్టు దగ్గరికి పోతారు. సూది వెయ్యని డాక్టరు తమరి దృష్టిలో డాక్టరే కాదు. అందుకే సెలైన్ ఎక్కించే ఆర్‌ఎంపీ గారికి ఊళ్ళో మాకంటే పరపతి.

డబ్బు సంగతి క్లుప్తంగా. ప్రభుత్వాలు ఆరోగ్యం మీద పెట్టే ఖర్చు 2025 నాటికి జీడీపీలో 2.5 శాతానికి చేరాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం అన్నది. 2021-22 జాతీయ ఆరోగ్య ఖాతాల్లో అది 1.84 శాతం. ఈ తేడా మీద బంకు దగ్గర ఒక్క గొడవా జరగలేదు. మార్కాపురం మెడికల్ కాలేజీని పీపీపీలో, అంటే ప్రైవేటు భాగస్వామ్యంతో, నడపాలన్న నిర్ణయం 2025లో వస్తే మాత్రం తమరు అటూ ఇటూ గట్టిగానే గొంతు చించుకున్నారు. మంచిదే. ఆ మార్కాపురం వైపు వారానికి 3 రోజులు, పూటకు 4 గంటలు డయాలసిస్ మిషన్ కింద ఉండేవాళ్ళు కూడా తమరిలో భాగమే. వాళ్ళ మాట బంకు దాకా రాదు, రోజంతా బస్సుల్లోనే సరి.

ఆసుపత్రి అభివృద్ధి కమిటీ అని ఒకటుంది. మందుల స్టాకు, ల్యాబు వేళలు, జనరేటరు డీజిలు, చెప్పాం కదా, ఆ గడియ, అన్నీ అక్కడికి పోవాల్సినవే. మినిట్స్ పుస్తకంలో తమరి పేరున ఇంతవరకూ ఏ అర్జీ లేదు. తెల్లకాగితం మీద రాసి, రెండు కాపీలు తెచ్చి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని పొండి.

ఇట్లు,
ఓపీ కౌంటరు, మందుల గది, ల్యాబు తరఫున.

తా.క.: పోయినసారి కుక్కకాటు చీటీ వెనక చిట్టీ లెక్కలు రాసి బంకులో వదిలేసి పోయారు. 7వ రోజు సూదికి అదే చీటీ చూపించాలి. బంకాయన డబ్బాలో దాచిపెట్టాడు, అడిగి తీసుకోండి.